కుడి అని రాసిన ఎడమ బుగ్గ

ముద్రలమ్మ నోట 'కుడి' అన్న మాట గాని, 'ఎడమ' అన్న మాట గాని నేను నలభై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా వినలేదు. సిరా మెత్త ఎక్కడుందని అడిగితే "గోడ వైపు అరలో" అంటుంది. దారి అడిగినవారికి "మందుల షాపు వైపు తిరిగి, గడియారం కనిపించే వైపు నడవండి" అని చెబుతుంది. ఒకసారి మోకాలి నొప్పికి ఆమెను నేనే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాను.

"ఏ మోకాలమ్మా?" అని ఆయన అడిగాడు.

"వీధి వైపుది, డాక్టరుగారూ."

"వీధి మీ ఇంటి దగ్గర ఉందమ్మా. ఇక్కడ నేనెక్కడ వెతకను?"

అందరం నవ్వాము. ఆమె కూడా నవ్వి, నొప్పి ఉన్న మోకాలిని తట్టి చూపింది. అది ఆమె మాటతీరులోని ఒక ముచ్చట అనుకున్నాను. ముచ్చట కాదని కిందటి నెలలో తెలిసింది. తెలిసిన నాటి నుంచి నేటి వరకు నేను పూర్తిగా తేరుకోలేదు.

ఆమె వృత్తి రబ్బరు ముద్రలు చెక్కడం. కార్యాలయాల కాగితాల అడుగున, సంతకం పక్కన పడే ముద్రలన్నీ ఇప్పుడు యంత్రాలే చేస్తున్నాయి. చేతితో చెక్కేవారు మా ఊరిలో ఆమె ఒక్కతే మిగిలింది. కూడలిలోని రెండంతస్తుల భవనంలో, మెట్ల కింద గది ఆమె దుకాణం. తల వంచకుండా అందులోకి వెళ్లినవాడు లేడు. ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన దీపం, అరిగి సన్నబడిన మూడు చెక్కుడు కత్తులు, గోడ పొడవునా మేకులకు వేలాడే చెక్కపిడులు. రబ్బరు పలక మీద ఆమె పెన్సిలుతో అక్షరాలను సూటిగా తిరగేసే రాస్తుంది. ముందు మామూలుగా రాసుకొని, అద్దంలో చూసుకొని ఎక్కించే మధ్యవర్తిత్వం ఆమెకు అక్కరలేదు. మనం తిన్నని రాతను చదివినంత సులువుగా ఆమె తిరగబడిన రాతను చదువుతుంది. ఏది తిన్ననిదో, ఏది తిరగబడినదో ఒక్కొక్కసారి గమనించదు కూడా.

అయితే చెక్కే ముందు మాటలను ఒక కాగితం మీద రాసి నాకు చూపించుకోవడం ఆమె నియమం. రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి కాగితం పట్టుకొని వస్తుంది.

"'అధికారి' అన్నచోట అల్పప్రాణం పెట్టావు. అక్కడ మహాప్రాణం కావాలి."

"అల్పప్రాణమైనా అధికారి అధికారే కదా, టీచర్!"

అని నవ్వుతూనే దిద్దుకుంటుంది. చెక్కిన తరువాత నాకు తప్పు కనబడితే మాత్రం నవ్వదు. ఆ రబ్బరు ముక్కను చెత్తబుట్టలో పడేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ఆమె నాలుగో తరగతి నా దగ్గర చదివింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం అది. నాకు ఇరవై నాలుగేళ్లు, ఆమెకు తొమ్మిది. ఆ పిల్ల పలక మీద అక్షరాలన్నీ తిరగబడి ఉండేవి. కుడికి లేవవలసిన తలకట్టు ఎడమకు లేచేది. వాక్యం ఆ చివర మొదలై ఈ చివరకు నడిచేది. ఎటు తిప్పినా మారని సున్న ఒక్కటే ఆమె చేతిలో సక్రమంగా పడేది. తోటి పిల్లలు ఆమెకు 'తిరకాసు' అని పేరు పెట్టారు. నేను కోప్పడ్డాను, బుజ్జగించాను. చివరకు మా ఇంటి చేతి అద్దం తెచ్చి ఆమె ముందు పెట్టాను. తన రాతను అందులో చూసుకుంటూ దిద్దుకుంది. ఏడాది తిరిగేసరికి తిన్నగా రాయడం వచ్చింది. తిరగేసి రాయడం మాత్రం పోలేదు.

పదహారో యేట ఆ మెట్ల కింది దుకాణంలోనే ఊడ్చే పనికి కుదిరింది. అప్పటి యజమాని వృద్ధుడు. ఒకనాడు ఆయన కళ్లజోడు పగిలితే, "నేను రాస్తాను తాతా" అని పెన్సిలు అందుకొని, రబ్బరు మీద మూడు వరుసలు గడగడా తిరగేసి రాసిందట. ఆయన దానిని కాగితం మీద అద్ది, కాగితాన్ని కంటికి ఆనించుకొని చూసి, "నీకిది ఎవరు నేర్పారే?" అని అడిగాడట.

"ఎవరూ నేర్పలేదు తాతా. మాన్పించారు."

ఈ మాటను ఆమె నాకే ఎన్నిసార్లు చెప్పి నవ్వించిందో లెక్కలేదు.

ముద్రలను ఎవరు పడితే వారు చేస్తే దొంగ కాగితాలకు అంతుండదు గనుక ఆ పనికి లైసెన్సు తప్పనిసరి. పదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. చేతిపనివారికి కొత్త లైసెన్సులు ఇవ్వడం ఎప్పుడో మానేశారు. ఉన్నది పొడిగించుకోగలిగితే సరి. గడువు దాటితే కత్తులు పెట్టెలో పెట్టుకోవలసిందే. ఇదివరకు ఇక్కడి కార్యాలయంలో గుమాస్తా ఆమె ముఖం చూసి, కుశలమడిగి, ఆమె చెక్కిన ముద్రనే ఆమె కాగితం మీద కొట్టి పంపేవాడు. ఆ కార్యాలయాన్ని ఎత్తివేశారు. ఈసారి వీడియో కాల్‌లో హాజరు కావాలని లేఖ వచ్చింది. గడువు పన్నెండు రోజులు.

"దరఖాస్తు భాష మీరొకసారి చూడాలి, టీచర్. కాల్ రోజు పక్కన కూడా కూర్చోవాలి" అని పిలిస్తే వెళ్లాను.

కంప్యూటరు ఆమె మేనకోడలిది. అన్నగారి కూతురు, అత్త దగ్గరే ఉంటూ, ఒక కంపెనీ తరఫున ఇంటి నుంచే వీడియోలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. రోజంతా పరాయివారి కోపం వినీ వినీ, తన వంతు కోపాన్ని సాయంత్రానికి దాచి తెచ్చినట్లు మాట్లాడుతుంది గాని, అత్త అంటే ప్రాణం. కిటికీ పక్కన బల్ల, వెనుక గోడకు కంపెనీ పేరున్న బోర్డు. ఆ బోర్డు కింద ముద్రలమ్మ కూర్చున్నది.

తెర మీద అధికారి కనిపించాడు. చక్కగా దువ్విన తల, మర్యాదగల గొంతు.

"నమస్తే అమ్మా. మీ లైసెన్సు మీది ఫోటో చెమ్మకు పాడైపోయింది. ఒక జడ, ఒక భుజం తప్ప ఏమీ కనిపించడం లేదు. అందుచేత గుర్తు చూడాలి. మా ఫైలులో 'కుడి బుగ్గపై పుట్టుమచ్చ' అని ఉంది… ఆ, కనిపిస్తోంది. సరిపోయింది. ఇప్పుడు మీ లైసెన్సు కార్డు కెమెరాకు చూపించండి."

ఆమె కార్డు చూపింది. అధికారి ముందుకు వంగి, కళ్లు చిట్లించాడు.

"కార్డు తిప్పి పట్టుకున్నారేమో చూడండి."

"తిప్పలేదు బాబూ, సరిగ్గానే ఉంది."

"అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయమ్మా."

మేనకోడలు తల దూర్చింది. "అదేంటి సార్! మా తెర మీద శుభ్రంగా తిన్నగా ఉన్నాయి. చదివి వినిపించనా?"

"మీరు చదివితే చాలదు మేడమ్, నేను చదవాలి. మీ వెనుక బోర్డు కూడా తిరగబడే ఉంది. బొమ్మను సరిచేసుకొని ఎల్లుండి ఇదే వేళకు రండి."

కాల్ ఆగిపోయింది. మేనకోడలు నెమ్మదిగా తల తిప్పి గోడ మీది బోర్డును చూసింది.

"అత్తా… నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెర మీద నా బోర్డు నాకే తిరగబడి కనిపించింది. ఇదేం ఖర్మరా అని కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి 'తిప్పు' అని ఉంటే నొక్కాను. నాకు తిన్నగా అయింది. అంటే… అవతలి వాళ్లకి?"

"అవతలి వాళ్లకి తిరగబడింది" అన్నది ముద్రలమ్మ తాపీగా.

"ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలుగా ఊరందరికీ మా కంపెనీ పేరు తిరగేసి చూపిస్తున్నానా? రోజుకి యాభై మంది ఫిర్యాదులు వింటాను. దీని మీద ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదేం!"

నాకు ఆ సంగతి తలకెక్కలేదు. ఒకే బొమ్మ ఇక్కడ తిన్నగా, అక్కడ తిరగబడి ఎట్లా ఉంటుంది? మేనకోడలు ఏవేవో సాంకేతిక పదాలతో చెప్పబోయింది. ముద్రలమ్మ ఆమెను ఆపి, సంచిలో నుంచి ఒక ముద్ర తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది చూడండి టీచర్. చేతిలో అక్షరాలెట్లా ఉన్నాయి?"

"తిరగబడి."

"కాగితం మీద?"

"తిన్నగా పడతాయి."

"అంతే. ఈ పెట్టె మన ముఖం మనకి చూపించేటప్పుడు అద్దంలా తిప్పి చూపిస్తుంది. అవతలికి మాత్రం తిన్నగా పంపిస్తుంది. ఈ పిల్ల చేతిలో ముద్ర చూసి బెదిరిపోయి, చేతిలోనే తిన్నగా ఉండేట్టు చెక్కేసింది. ఇంక కాగితం మీద తిరగబడక ఏమవుతుంది?"

నలభై సంవత్సరాల బోధనానుభవంలో ఇంత స్పష్టమైన వివరణను నేను ఇచ్చిన జ్ఞాపకం లేదు. మేనకోడలు సెట్టింగులు తెరిచి ఆ 'తిప్పు' తీసేసింది. వెంటనే మా తెర మీద బోర్డు అక్షరాలు తిరగబడ్డాయి. ఆమె ఉలిక్కిపడి మళ్లీ నొక్కబోయింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను. మనకి తప్పుగా ఉంటేనే అవతల ఒప్పు" అన్నది ముద్రలమ్మ.

మేనకోడలు తన స్నేహితురాలికి కాల్ చేసి అడిగితే, బోర్డు చక్కగా తిన్నగా ఉందని ఆమె చెప్పింది. మేనకోడలు నుదురు కొట్టుకున్నది. మేము సంతోషంగా విడిపోయాము.

రెండో కాల్‌లో అధికారి కార్డు చదివాడు, సంఖ్య రాసుకున్నాడు, "బాగుందమ్మా, ఇప్పుడు అంతా తిన్నగా ఉంది" అన్నాడు. ఇక అయిపోయిందని నేను కళ్లజోడు తీశాను. అప్పుడు ఆయన చేయి ఆగింది.

"ఒక్క నిమిషం. ముఖం కొంచెం పక్కకు తిప్పండి. రెండో పక్కకు… అమ్మా, మొన్న మీ మచ్చ కుడి బుగ్గ మీద ఉంది."

ఆయన మళ్లీ ఫైలులోకి చూశాడు.

"మొన్న బొమ్మ తిరగబడి ఉంది కాబట్టి కుడి మీద కనిపించిందన్నమాట. ఇవాళ బొమ్మ తిన్నగా ఉంది. మచ్చ ఎడమ మీద ఉంది. ఫైలులో కుడి అని ఉంది. ఇది కుదరదు కదమ్మా?"

బొమ్మ తప్పుగా ఉన్ననాడు మనిషి సరిపోయింది. బొమ్మను సరిచేసిననాడు మనిషి తప్పిపోయింది.

"మీ నోటితో చెప్పండి, నమోదు చెయ్యాలి. మీ మచ్చ ఏ బుగ్గ మీద ఉంది?"

ముద్రలమ్మ పెదవులు తడుపుకొన్నది. "గోడ వైపు, సార్."

"గోడ?"

"అంటే… కిటికీకి అవతలి వైపు."

"కుడా, ఎడమా అమ్మా?"

రబ్బరు మీద వెంట్రుకవాసి కూడా తొణకని ఆమె చేతివేళ్లు బల్ల కింద చీర కుచ్చెళ్లను నలపడం నేను చూశాను. అధికారి గొంతులో మర్యాద తగ్గలేదు, వెచ్చదనం తగ్గింది.

"తన బుగ్గ ఏదో తనకు తెలియనివారిని నేను ఇదే మొదటిసారి చూడటం. ఇంకొకరి పేరు మీద ఎవరో వచ్చి కూర్చున్నారని రాయవలసి వస్తుంది. అలా రాస్తే లైసెన్సు రద్దవుతుంది, మళ్లీ ఇవ్వరు. ఈ గుర్తు మీ పాఠశాల పత్రం నుంచి మా ఫైలుకు వచ్చింది. ఆ పత్రంలో ఏముందో తెచ్చి చూపించండి. తప్పుంటే, రాసినవారి చేత పాఠశాల ముద్రతో సవరణ తెప్పించండి. గడువు లోపల ఒక్క అవకాశం ఇస్తాను."

తెర నల్లబడింది. ముందుగా తేరుకున్నది మేనకోడలు.

"అత్తా, కార్డు ఎలాగూ చదివేశాడు. మళ్లీ చూపించమనడు. ఆ బోర్డు తీసేసి, నేను మళ్లీ 'తిప్పు' నొక్కేస్తాను. మచ్చ వాళ్లు కోరిన చోటికి తనంతట తానే వెళ్లిపోతుంది. ఒక్క నొక్కుతో సరి!"

"నేను చెక్కేది తిరగేసి. కొట్టేది తిన్నగా" అన్నది ముద్రలమ్మ. "నా ముఖాన్నే తిరగేసి కొట్టమంటావా?"

"లైసెన్సు పోతే?"

"పోతే పోయింది. దొంగ ముద్రలు ఉండకూడదనే కదే ఆ లైసెన్సు!"

ఆ మాట అనగలిగింది గాని, లేవడానికి నా చేయి అందుకున్నది. నలభై యేళ్లుగా ఆమె ఉదయం లేచి వెళ్లే చోటు ఆ మెట్ల కింది గది ఒక్కటే.

సాయంత్రం ఆమె రేకు పెట్టె అడుగు నుంచి పాఠశాల పత్రం వెతికి తెచ్చి నా చేతికిచ్చింది. "ఎవరు రాశారో గాని, వాళ్ల చేత సవరణ రాయించాలట టీచర్" అన్నది, ఎటో చూస్తూ. మడతలు విప్పాను. కాగితం పసుపు బారింది. సిరా మాత్రం మాసిపోలేదు. 'గుర్తు: కుడి బుగ్గపై పుట్టుమచ్చ.' ఆ 'గ్గ' కింద ఒత్తును కొద్దిగా పొడిగించి, చివరను పైకి తిప్పే అలవాటు ఈ లోకంలో ఒక్కరికే ఉంది.

ఆ చేతిరాత నాది.

పత్రాన్ని బల్ల మీద పెట్టి, రెండు చేతులతో అదిమిపట్టాను, అదేదో ఎగిరిపోతుందన్నట్లు. అప్పుడు ఆ రోజు నా కళ్లకు కట్టింది. రిజిస్టరు నింపుతున్న రోజు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా బల్ల ముందు, నాకు ఎదురుగా నిలబడుతున్నారు. నా కుడిచేతి వైపు కనిపించిన బుగ్గను నేను కుడి బుగ్గ అని రాస్తున్నాను. ఎదురుగా నిలబడిన మనిషికి కుడి నా ఎడమ వైపు ఉంటుందన్న పసివాళ్ల సంగతి, నలుగురికి నేర్పడానికి వచ్చిన నాకు తోచలేదు. తొమ్మిదేళ్ల పిల్ల రిజిస్టరులోకి తొంగి చూసి అన్నది:

"ఎడమ బుగ్గ, టీచర్."

నేనన్నాను: "అక్షరాలే తిరగేసి రాసేదానివి, నీకు కుడిఎడమలేం తెలుసు? నోరు మూసుకొని వెళ్లి కూర్చో."

తరగతి గొల్లున నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు వినిపించింది.

"ఆ రోజు నీకు గుర్తుందా?" అని అడిగాను.

"ఎందుకు లేదు టీచర్."

"మరి?"

ఆమె పత్రం అంచును వేలితో సాపుచేస్తూ మాట్లాడింది. "ఆ రోజు నుంచి నాకు అనుమానం పట్టుకుంది. నాకు కుడి అనిపించింది ఎడమేమో, ఎడమ అనిపించింది కుడేమో అని. ఎవరైనా అడిగితే గుండె దడదడలాడేది. తప్పు చెప్తే మళ్లీ నవ్వుతారు కదా. ఎందుకొచ్చిన గొడవ అని మానేశాను. గోడలూ కిటికీలూ తిరగబడవు కదా టీచర్, వాటిని పట్టుకున్నాను."

వైద్యుని గదిలో నేను కూడా నవ్వాను. 'వీధి వైపు', 'గోడ వైపు' అన్న మాటలను ముచ్చటగా నలుగురికీ చెప్పాను. అవి నేను విధించిన శిక్ష. విధించినట్లు నాకే తెలియని శిక్ష. నలభై ఎనిమిదేళ్లుగా నడుస్తున్న శిక్ష.

"ఇన్నేళ్లలో నన్నెందుకు అడగలేదు? వారానికి రెండుసార్లు మా గడప తొక్కుతావే!"

"మీరు తప్పు రాయరు కదా, టీచర్" అన్నది ఆమె. వ్యంగ్యం కాదు. నమ్మకం. అది వ్యంగ్యమై ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు.

"తప్పు నాది. నీకు కుడిఎడమలు ఆనాడే తెలుసు. తెలియనిది నాకు."

ఆమె నన్ను తేరిపార చూసింది. కళ్లు చెమ్మగిల్లాయి గాని, నోరు ఊరుకోలేదు. "ఒక్క అక్షరం తప్పుపోతే రబ్బరు పారేయిస్తారు మీరు. ఇప్పుడు నన్ను పారేస్తారా ఏమిటి?"

మరునాటి ఉదయం పాఠశాలకు వెళ్లాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయిని నాకు పాఠశాలలో తరువాతి తరం మనిషి. కుర్చీ వేసి, బీరువా నుంచి పాత రిజిస్టరు తీయించింది. ఆ పుట తెరిచాను. ముప్పై ఒక్క మంది పిల్లలలో పదకొండు మంది గుర్తులలో కుడి, ఎడమ అన్న మాటలున్నాయి. కుడి కనుబొమపై గాటు. ఎడమ చెవి వెనుక మచ్చ. పదకొండూ తారుమారే కావాలి. ఎక్కడెక్కడో బతుకుతున్న పదకొండు మంది, ఒక కాగితం మీద తమకు లేని చోట మచ్చలు మోస్తున్నారు. మరుసటి సంవత్సరం నుంచి గుర్తులు రాసే పని నా నుంచి తీసి గుమాస్తాకు ఇచ్చారు. ఎందుకని నేను అప్పుడు అడగలేదు.

సవరణ పత్రాన్ని అక్కడే కూర్చొని రాశాను. మూడుసార్లు చించి రాశాను. భాష కుదరక కాదు. 'పొరపాటున నమోదైనది' అని మొదట రాశాను. ఆ వాక్యంలో కర్త లేడు. తప్పు చేసినవారు దాక్కోవడానికి అటువంటి వాక్యాలు మహా సౌకర్యంగా ఉంటాయి. కొట్టివేసి, 'నేను పొరపాటుగా నమోదు చేశాను' అని రాశాను. 'విద్యార్థిని ఆనాడే సరిగా చెప్పినది. నేను వినలేదు' అన్న వాక్యం కూడా చేర్చాను. మిగిలిన పది మంది గురించి వేరొక పత్రం రాసి ఇచ్చాను. ప్రధానోపాధ్యాయిని చదివి, సంతకం చేసి, పాఠశాల ముద్ర కొట్టింది. అంచులు పదునుగా, అక్షరాలు తిన్నగా పడ్డాయి. ఆ ముద్ర చెక్కింది ఎవరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు, దాని అక్షరదోషాలు చూసింది నేనే.

మూడో కాల్ గడువుకు ఒక్క రోజు ముందు. నేను ముద్రలమ్మ పక్కన కూర్చొని, సవరణ పత్రాన్ని కెమెరాకు పట్టుకున్నాను. మా తెర మీద నా చేతిరాత తిరగబడి కనిపించింది. చూడటానికి వింతగా, పరాయిగా ఉన్నది. అధికారి మొత్తం చదివాడు. చదువుతూ ఒకచోట ఆగి, తెరలో నా వైపు చూశాడు.

"రాసింది మీరేనా మేడమ్?"

"అప్పుడు రాసిందీ, ఇప్పుడు రాసిందీ నేనే."

"మీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా. ఇంత వివరంగా రాయనక్కరలేదు."

"అక్కర ఉంది" అన్నాను.

ఆయన తల ఊపాడు. "సరే. నిబంధన ప్రకారం ఆమె నోటి మాట కూడా కావాలి. అమ్మా, ఈసారి గోడలూ కిటికీలూ వద్దు. మీ పుట్టుమచ్చ ఏ బుగ్గ మీద ఉంది?"

ముద్రలమ్మ తెర వైపు చూసింది. తెరలోని ముఖం అద్దంలోని ముఖం. అందులో మచ్చ ఎటుందో చూసి చెబితే మళ్లీ చిక్కే. పక్కనుంచి మేనకోడలు గుసగుసలాడింది: "అత్తా, గోడ వైపుది అంటే—"

"ఊరుకో" అని, ముద్రలమ్మ కళ్లు మూసుకున్నది. చేయి ఎత్తి మచ్చను తాకింది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పి నవ్వులపాలైన పిల్లను ఇదే ప్రశ్న ముందు మళ్లీ నిలబెట్టారు; నవ్వించిన మనిషి పక్కనే కూర్చొని ఉంది.

"ఎడమ."

"గట్టిగా చెప్పండమ్మా, నమోదు కావాలి."

"ఎడమ బుగ్గ, సార్. తొమ్మిదో యేటి నుంచీ ఎడమే."

అధికారి ఏదో నొక్కాడు. "సరిపోయింది. లైసెన్సు పదేళ్లకు పొడిగించాం" అన్నాడు. మేనకోడలు కుర్చీలోంచి ఎగిరి గంతేసి అత్తను వాటేసుకుంది. ఆ తాకిడికి కెమెరా ఊడి కిందపడింది. నేను కదలలేదు. రెండే రెండు మాటలలో ఒకదాన్ని పలకడానికి ఒక మనిషికి ఇంత కాలం పట్టిందన్న సంగతి నన్ను అక్కడే కూర్చోబెట్టింది.

మరునాడు ఒక కాగితంలో అక్షరదోషాలు చూసి ఇవ్వడానికి దుకాణానికి వెళ్లాను. ముద్రలమ్మ బల్ల వెనుక కూర్చొని రబ్బరు చెక్కుతున్నది. గుమ్మంలో ఎవరో పెద్దమనిషి తల వంచి, తపాలా కార్యాలయానికి దారి అడిగాడు. ఆమె కత్తి ఆపి ఒక్క క్షణం ఆలోచించింది. మందుల షాపు పేరు వస్తుందని నేను ఎదురుచూశాను.

"బయటికి వెళ్లి ఎడమకి తిరగండి" అన్నది. ఆయన కదలబోతుంటే, తాను ఆయనకు ఎదురుగా కూర్చున్న సంగతి గుర్తుకు వచ్చి, కత్తి పట్టుకున్న చేత్తోనే ఆపింది. "ఆగండి, ఆగండి. వీధి వైపు తిరిగి నిలబడ్డాక. ఇప్పటి మీ ఎడమ కాదు, అప్పటి మీ ఎడమ."

ఆయన వెళ్లిపోయాడు. నేను గుమ్మంలోకి వచ్చి, ఆయన నిలబడిన చోట నిలబడి, వీధి వైపు తిరిగి చూసుకున్నాను. ఎడమే.